వీపుల లెక్క

మర్దనా బల్ల మీద బోర్లా పడుకుని, తల దగ్గరుండే మెత్తటి వలయంలో ముఖం దించేశాక మనిషికి లోకంలో మిగిలేది కాస్త నేల. చిన్నదానికి ఆ కాస్త నేలంటే ఎప్పుడూ ఇష్టమే. రెండు బూడిదరంగు పలకలు, వాటి మధ్య గీత, గీతలో ఏ చీపురుకూ అందని సన్నటి దుమ్ము, ఇప్పుడు వాటి మీదికి వచ్చి నిలబడ్డ రెండు పాదాలు. ఊదారంగు మేజోళ్ళు, కుడి బొటనవేలు దగ్గర వేరే రంగు దారంతో వేసిన కుట్టు. పెద్ద పాదాలు, కాస్త ఎడంగా ఉన్నాయి, నిచ్చెన మెట్టు మీద నిలబడడం అలవాటైన పాదాలు కాబోలు. మొదలుపెట్టమంటావా అమ్మా, అని పైనుంచి గొంతు అడిగితే ఊఁ అంది చిన్నది వలయంలోకి. ఊఁ అనడం తేలికే. గంట తర్వాత ఇదే గొంతు ఇంకో మాట అడుగుతుంది, ఈ బడిలో చేరమంటావా అని. దానికి ఊఁ అనాలో ఊహూఁ అనాలో ఈ గంటలోగా తేల్చుకోవాలి. ఊఁ అంటే చిన్నదాని అప్పులో ఈ నెల వాయిదా తీరినట్టే. ఊహూఁ అంటే రేపు పొద్దున అక్కకు బ్యాంకు నుంచి ఫోన్. ఇంత తేటతెల్లంగా ఉన్న విషయం గురించి గంటసేపు పడుకుని ఆలోచించాల్సింది ఏముంది, అనుకుంటూనే కళ్ళు మూసుకుంది.

చిన్నదంటే మరీ చిన్నదేం కాదు, ముప్ఫయి నాలుగు నిండాయి. అక్క తర్వాత పుట్టిన పాపానికి ఇంట్లో చిన్నదైంది, బావ వచ్చాక ఆ పిలుపు ఖాయమైపోయింది, చివరికి ఈ బడిలోకి కూడా అదే పాకింది. మర్దన నేర్పే బడి ఇది, మందుల దుకాణం పైన మూడు గదులు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చేరాలనుకుని వచ్చినవాళ్ళు, ఇక్కడే చదివి బయటికెళ్ళిన ఒకరి ఒంటి మీద ముందు గంటసేపు చెయ్యి వేసి చూడాలి. ఆ తర్వాత తలుపు వేసుకుని ఆ ఒకరినే అడిగి తెలుసుకోవాలి, నా చేతులకు ఈ పని వస్తుందా, వస్తే నాలుగు డబ్బులు మిగులుతాయా అని. ఒళ్ళు అబద్ధం చెప్పదు అనేవారు పాఠం చెప్పే మేడమ్. ఒళ్ళు చెప్పకపోవచ్చు, పక్కనే నోరుంది కదా. వచ్చినవాళ్ళు గనక చేరితే, పడుకున్నవాళ్ళ అప్పులో ఒక నెల వాయిదా బడివాళ్ళే కట్టేస్తారు. ఆ సంగతి వచ్చినవాళ్ళకు చెప్పరు. పోయిన వారం ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి వివరించేదాకా చిన్నదానికీ తెలియదు. మీకు నిజమనిపించిందే చెప్పండి, అన్నారావిడ తేనె పూసినట్టు, కాకపోతే మంచి నిజం చెప్పండి.

చేతులు వచ్చాయి. దుప్పటి మీదుగా రెండు అరచేతులూ వెన్నుకు అటూ ఇటూ ఆనుకుని, ఏమీ చెయ్యకుండా ఆగాయి. ఎవరు నేర్పారీవిడకు ఆగడం? కొత్తగా వచ్చినవాళ్ళందరూ తడబడతారు, పిండి పిసికినట్టు పిసికేస్తారు, ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే బాగుండదన్నట్టు. ఆగడం నేర్పడానికి మేడమ్‌కు నెల పట్టింది, చిన్నదానికి మాత్రం ఇంకా ఎక్కువే పట్టింది. ఈవిడ ఇరవై ఏళ్ళు గోడలకు కాగితం అంటించింది. పూల కాగితం, చారల కాగితం, పిల్లల గదులకు చేపల కాగితం. జిగురు పూసి గోడకు ఆనించాక కాసేపు ఆగాలట, కాగితం గోడను పట్టుకునేదాకా. గదిలోకి వస్తూనే గోడ చూసి చెప్పింది ఇదంతా, ఎవరూ అడక్కుండానే. అప్పుడే చిన్నది మనసులో ఆవిడకు కాగితాలావిడ అని పేరు పెట్టేసింది. మోకాళ్ళు అరిగిపోయాయట, ఇక నిచ్చెన మాట ఎత్తొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడట. చేతులు మాత్రం అరగలేదమ్మా, వీటినేం చెయ్యమంటావు, అని రెండూ చాచి చూపించింది. నిచ్చెనలు వేసుకుని తిరిగే పాత వ్యాను ఒకటుందట. అది అమ్మేసి, కూడబెట్టుకున్నది కలిపి, చాలనిది అప్పు తెచ్చి ఫీజు కడతానంది. యాభై ఆరేళ్ళు ఆవిడకు. ఆ సంగతి కూడా తనే చెప్పింది, నవ్వుతూ.

దుప్పటి నడుము దాకా జరిగింది, నూనె వెచ్చగా తగిలింది, అరచేతులు వెన్ను మధ్య నుంచి పక్కలకు నడిచాయి, మళ్ళీ మధ్యకు, మళ్ళీ పక్కలకు. గాలి బుడగలను బయటికి తోసే చేతులవి. మధ్యలో మొదలుపెట్టి అంచు దాకా తోసుకుపోవాలి, లేకపోతే బుడగ లోపలే ఉండిపోయి నాలుగు రోజులకు ఉబ్బుతుంది. కుడి రెక్క ఎముక మొన దగ్గర చేతులు ఆగాయి. దాన్ని పక్కకు తోశాయి. అది పోలేదు. మళ్ళీ తోశాయి, ఈసారి కాస్త పట్టుదలగా, ఇరవై ఏళ్ళలో తనను ఓడించిన బుడగ లేదన్నట్టు. అది ఎముకండీ, అంది చిన్నది వలయంలోంచి. అలాగా, గాలనుకున్నాను, అంది కాగితాలావిడ, ఇద్దరూ నవ్వారు. నవ్వుకు వీపు ఊగింది, ఊగినా ఆవిడ చెయ్యి పైకి లేవలేదు. ఒక చెయ్యి ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, రెండూ ఒకేసారి తీసేస్తే పడుకున్న మనిషి ఉన్నట్టుండి ఒంటరిదైపోతుంది, ఇదీ బడిలో మొదటి పాఠం. ఈవిడకు ఎవరూ చెప్పలేదు. రెండు చేతులూ వదిలేస్తే కాగితం జారుతుంది కదా. చేతకాని చేతులైతే ఎంత బాగుండేది, అనుకుంది చిన్నది. మీకు రాదండీ అనేస్తే సరిపోయేది, నిజం చెప్పినట్టూ ఉండేది, ఈ గొడవంతా ఉండేదే కాదు. ఏమీ చెయ్యడానికి లేనప్పుడు మనిషి ఎంత మంచిదైపోతుందో.

వీపులు. చిన్నది ఇప్పుడు అన్నిటినీ వీపుల్లోనే కొలుస్తుంది, పైకి చెప్పదు గానీ. అంగట్లో చెప్పులు చూస్తే మూడు వీపులు. బస్సు పాసు రెండు వీపులు. అక్క పుట్టినరోజుకు కొన్న శాలువా ఒక వీపూ రెండు పాదాలూ. పనిచేసే చోట గంటకు నూరు తీసుకుంటారు, అందులో గదికీ, నూనెకీ, దుప్పట్ల ఉతుకుడికీ, ముందు బల్ల దగ్గర కూర్చుని నవ్వే అమ్మాయి జీతానికీ పోను చిన్నదాని చేతికి నలభై. నెల వాయిదా ముప్ఫయి వీపులు. ఇంటద్దె ఇంకో ముప్ఫయి. బడి కరపత్రంలో లెక్క వేరే. గంటకు నూరు, రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ఇరవై అయిదు రోజులు, పక్కన తెల్లబట్టల్లో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఒకమ్మాయి. ఆ గుణకారం చేసినవాడెవడో గానీ వాడి జన్మలో ఒక్క వీపు పట్టి ఉండడు. రోజుకు నాలుగు దాటితే బొటనవేళ్ళు మొరాయిస్తాయి, అయిదో వీపు మీద పనిచేసేవి చిన్నదాని చేతులు కావు, వాటి తాలూకు ఎవరో దూరపు బంధువులు. ఆ నాలుగైనా రోజూ రావు. వాన పడితే రావు, పిల్లల పరీక్షలైతే రావు, నెలాఖరుకు అసలే రావు. అన్నీ పోగా మిగిలే పది పన్నెండు వీపుల్లో తినాలి, తిరగాలి, జ్వరమొస్తే పడుకోవాలి. మూడేళ్ళుగా కడుతోంది, ఇంకా అయిదేళ్ళుంది, వడ్డీ గుమ్మంలో తిష్ట వేసుక్కూర్చుని అసలును చూడనివ్వడం లేదు.

చేతులు ఎడమ భుజం దగ్గరికి వచ్చాయి. అక్కడ ఆరేళ్ళ ఫోన్ ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో కీబోర్డు కొడుతూ, ఫోన్ కంపెనీకి వచ్చే ఫిర్యాదులు వినే ఉద్యోగం. బిల్లు ఎక్కువొచ్చిందని ఒకరు, లైను కలవడం లేదని ఒకరు, ఇంకెవరినీ తిట్టే వీలు లేక ఇటు చేసేవాళ్ళు కొందరు. జీతం నెలనెలా ఠంచనుగా పడేది. అప్పు లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ఒకావిడ తిడుతూ తిడుతూ మధ్యలో ఏడ్చేసింది, ఏం చెయ్యాలో తోచక చిన్నది తెర మీద రాసి ఉన్న వాక్యం చదివింది, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. చదివాక తన గొంతు తనకే అసహ్యమేసింది. ఆ వారమే బడి కరపత్రం చేతికొచ్చింది. ఇదే గదిలో, ఇదే బల్ల మీద, పెద్ద చెవిపోగులు తీసి పక్కన పెట్టుకుని పడుకున్న ఒకావిడ వీపు మీద చిన్నది మొదటిసారి చెయ్యి వేసింది. ఏం చేస్తోందో తనకే తెలియదు. ఎక్కడో మధ్యలో ఆవిడ ఊపిరి మారింది. పైపైన ఆడుతున్నది కాస్తా దిగి, పొట్టలోంచి రావడం మొదలైంది. తన చేతికింద ఒక మనిషి ఊపిరి మారింది, అంతే, దానికే చిన్నదానికి కళ్ళు నిండాయి. లేచి కూర్చుని చెవిపోగులు పెట్టుకుంటూ ఆవిడ అంది, కళ్ళు మూసుకుని చేరిపో, దేనికీ లోటుండదు. ఆ నెల ఆవిడ వాయిదా తీరి ఉంటుంది. పోయిన వారం నుంచీ ఇదే ఆలోచన, ఎక్కడుందో ఆవిడ, ఇంకా చెవిపోగులు తీసి పడుకుంటూనే ఉందో. కోపం రావాలి నిజానికి. కోపం ఆ భుజంలోనే ఉంది కాబోలు, దాని మీద ఇప్పుడు కాగితాలావిడ బొటనవేలు ఉంది, అది దేన్నీ ఒకచోట నిలవనివ్వడం లేదు.

నడుము. నడుము దగ్గరికి వచ్చేసరికి అక్క. అక్క ఎప్పుడూ అక్కడే గుర్తొస్తుంది, చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిరిగింది అక్కే, ఎత్తుకుని ఎత్తుకుని అక్క నడుము ఒకపక్కకు వాలిపోయిందని అమ్మ అంటూ ఉండేది. బ్యాంకులో హామీ సంతకమూ అక్కదే. ఒళ్ళు పట్టడానికి చదువేమిటే, ఆ చదువుకు అప్పేమిటే, అని సణుగుతూనే పెట్టింది, పెట్టి, సిరా ఆరేలా నోటితో ఊదింది. బావ పక్కన నిలబడి, అప్పు తీరేలోగా నా నడుమైనా తిన్నగా చేసిపెట్టు మరదలా అంటే బ్యాంకు గుమాస్తా కూడా నవ్వాడు. పోయినేడాది ఒకసారి వాయిదా తప్పింది. బ్యాంకువాళ్ళు నేరుగా అక్క ఆఫీసుకు చేశారు, పై అధికారి ఎదురుగా. అక్క రెండు రోజులు ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం అంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు అక్కా బావా అదే బ్యాంకులో ఇంటి అప్పుకు పెట్టుకున్నారు. రెండు గదులు, ఒక వంటిల్లు, కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి, ఆ చప్పుడుకు నిద్ర పడుతుందా అని బావ అంటే, నిద్రపోని రోజు రైళ్ళు చూస్తాను అంది అక్క. ఇంకోసారి వాయిదా తప్పితే ఆ కాగితాలు వెనక్కి వచ్చేస్తాయని బావ చెప్పాడు, ఈసారి నవ్వకుండా. సరిగ్గా ఈ నెలే చిన్నదాని బొటనవేలు బెణికింది. పన్నెండు రోజులు కట్టు. ఈరోజే ఆఖరు తేదీ. అప్పు అడగదగ్గ వాళ్ళందరినీ అడిగేసింది, అక్కను తప్ప.

ఒక్క మాట. చేరండి. అబద్ధం కూడా కాదే అది, చేతులు అంత మంచివి, వంద మందిలో ఒకరికి ఉంటాయి. ఈవిడ రోజుకు ఆరు వీపులు పడుతుందేమో, ఎవరు చూడొచ్చారు, నిచ్చెనలు మోసిన చేతులు కదా. వానలో కూడా వస్తారేమో ఈవిడ దగ్గరికి. తనను చూసి ఈవిడ గురించి ఎలా చెబుతుంది? మనసు ఎంత బాగా వాదిస్తుందో, బావ ఎప్పుడూ అనేట్టు దాన్ని లాయరు చదువుకు పంపాల్సింది.

చేతులు కాళ్ళ మీదికి వెళ్ళాయి. వెళ్ళాయని తెలుస్తోంది, తెలియడం మెల్లమెల్లగా దూరమవుతోంది. పిక్కలు ఎవరివో. మడమలు ఎవరివో. ఊదా మేజోళ్ళు కనిపించడం లేదు, పలకలు మెత్తబడ్డాయి, మధ్య గీత వంగి ఎటో పోయింది. పొడవాటి గది. గోడల నిండా వీపులు, మూడేళ్ళలో పట్టిన వీపులన్నీ పుట్టుమచ్చలతో సహా అంచుకు అంచు కలిపి అంటించి ఉన్నాయి. గడియారాలు బాగుచేసే ఆయన వంగిన వీపు, బస్సు నడిపే ఆవిడ వీపు, వారం వారం వచ్చి అక్కడే అని తప్ప ఇంకో మాట మాట్లాడని ఆవిడ సన్నటి వీపు. అన్నీ ఊపిరి తీస్తున్నాయి, గోడలు లోపలికీ బయటికీ కదులుతున్నాయి. వాటి కింద బుడగలు, ఒక్కో బుడగలో ఒక్కో అంకె. కాగితాలావిడ నిచ్చెన మీద ఉంది, మోకాళ్ళు బాగైపోయాయి కాబోలు, చకచకా ఎక్కుతూ దిగుతూ బుడగలను తోసుకుపోతోంది, మధ్యనుంచి అంచుకు, అంచునుంచి మూలకు. మూలలో ప్రిన్సిపాల్ గారు సంచీ తెరిచి పట్టుకుని నిలబడ్డారు, ఒక్కొక్కటీ పడుతుంటే థాంక్యూ, థాంక్యూ అంటున్నారు. బ్యాంకు గుమాస్తా టేపుతో గోడ కొలిచి ఇంకా అయిదేళ్ళ కాగితం కావాలంటున్నాడు. చిన్నదీ, కిటికీ ఏదే, అంటోంది అక్క, కిటికీ మీద కూడా అంటించేశారే, రైళ్ళు కనబడ్డం లేదు. అరచేత్తో తట్టి చూడాలి, బోలుగా మోగిన చోట కిటికీ ఉంటుంది. తడుతోంది. ఎక్కడ తట్టినా వెచ్చగా మెత్తగా ఎవరో ఒకరు ఉన్నారు. దిగండి, పడతారు, అంటోంది చిన్నది నిచ్చెన మీది ఆవిడతో, ఆవిడ వినిపించుకోవడం లేదు, నవ్వుతూ ఇంకో మెట్టు ఎక్కింది.

తిరగాలమ్మా, అంది గొంతు. చిన్నది ఎక్కడినుంచో వచ్చింది. మూతి పక్కన తడి, వలయం మీద గుండ్రటి మరక, సిగ్గేసింది, ఇన్నేళ్ళుగా ఎంతమంది మరకలు తుడిచిందో, ఈరోజు తనది ఎవరో తుడుస్తారు. కాగితాలావిడ దుప్పటి రెండు అంచులూ ఎత్తి పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది, చిన్నది దానికింద వెల్లకిలా తిరిగింది. ఇప్పుడు కప్పు కనిపిస్తోంది, తలకిందులుగా ఆవిడ ముఖం కనిపిస్తోంది. కళ్ళజోడు ముక్కు చివరకు జారింది, నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని ఉంది, బుద్ధిగా బొమ్మకు రంగులు వేసే పిల్లలు పట్టుకున్నట్టు. ఎంత ఇష్టపడుతోందీ మనిషి. చిన్నదానికి ఆ ముఖం చూడబుద్ధి కాలేదు, కళ్ళు మూసుకుంది. మూసుకున్నా కనబడుతూనే ఉంది.

తల బరువు నాకివ్వు, అంది కాగితాలావిడ, రెండు అరచేతులూ తల కింద చేర్చి. ఈ మాట చిన్నది రోజుకు నాలుగుసార్లు అంటుంది. ఎవరూ ఇవ్వరు. అందరూ సరే అంటారు, తల మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు, మెడ బిగబట్టి, సాయం చేస్తున్నామనుకుంటూ. చెయ్యి తీసి చూస్తే తల గాలిలోనే ఉంటుంది. చిన్నదీ అంతే, చదువుకునే రోజుల్లో నీకంటే గోడ నయం అనేవారు మేడమ్. ఇస్తున్నాననే అనుకుంది ఇప్పుడు కూడా. చేతులు తొందర పెట్టలేదు. కాగితం గోడను పట్టుకునేదాకా ఆగే చేతులు, ఎంతసేపైనా ఆగుతాయి. అప్పుడు మెడలో ఎక్కడో ఒక పట్టు సడలింది, తల మొత్తం, లెక్కలతో సహా, వెళ్ళి ఆ అరచేతుల్లో పడింది. ఎంత బరువుందో తన తల. ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిందా ఇంత. కణతల మీదుగా నీళ్ళు చెవుల్లోకి జారాయి, కాగితాలావిడ చూసిందో లేదో, చేతులు కదపలేదు.

అలా పడుకుని ఉన్నప్పుడే తెలిసింది, ఈవిడ అప్పు తీరేసరికి ఈవిడకు అరవై నాలుగు. లెక్క వేసింది కాదు, ఊరికే వచ్చి ఎదురుగా నిలబడింది. అరవై నాలుగేళ్ళ మోకాళ్ళ మీద నిలబడి, వాన ఎప్పుడు ఆగుతుందా, ఎవరైనా మెట్లెక్కి వస్తారా అని చూస్తూ, వ్యాను లేదు, నిచ్చెన లేదు, ఈ చేతుల బొటనవేళ్ళకు కట్లు. చిన్నదానికి ఒక అక్క ఉంది సంతకం పెట్టడానికి. ఈవిడకు ఎవరున్నారో. ఎవరైనా ఉంటే వాళ్ళ ఆఫీసుకు కూడా ఫోన్ వెళుతుంది. తన తల ఈవిడ చేతుల్లో ఉంది, ఈవిడ బతుకు తన నోట్లో ఉంది, ఇదేం న్యాయం అనిపించింది. అక్కా, అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేకపోయింది.

గంట మోగింది. కాగితాలావిడ ఉలిక్కిపడలేదు, తలను మెల్లగా దించి, ఒక చెయ్యి భుజం మీద కాసేపు ఉంచి, అప్పుడు తీసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. చిన్నది దుప్పటి చుట్టుకుని లేచి కూర్చునేదాకా గోడవైపు తిరిగి నిలబడింది, నీళ్ళు తాగేదాకా ఇటు తిరగలేదు.

"ఎలా ఉంది?" అంది అప్పుడు.

"నా ఒంటి మీద ఇంత మంచి చెయ్యి ఇంతవరకు పడలేదండీ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఏం మాట్లాడాలో తెలియక చేతులు తువ్వాలుకు తుడుచుకుంది, తుడిచినవే మళ్ళీ తుడిచింది. తలుపుకున్న గరుకు అద్దం అవతల ప్రిన్సిపాల్ గారి నీడ అటు వెళ్ళి ఇటు వచ్చింది.

"అయితే చేరమంటావా?"

"వద్దండీ," అంది చిన్నది.

ఇక ఆగితే మళ్ళీ మాట రాదేమోనని గబగబా అన్నీ చెప్పేసింది. నూరులో తన చేతికి వచ్చేది ఎంతో, రోజుకు ఎన్ని వీపులకు బొటనవేళ్ళు ఒప్పుకుంటాయో, వానలో ఖాళీగా కూర్చున్న రోజులు, వడ్డీ, కట్టు కట్టుకున్న పన్నెండు రోజులు. కరపత్రంలో అమ్మాయి ఎందుకు నవ్వుతోందో తనకు ఇప్పటికీ తెలియదంది. చివరికి, మీరు చేరితే ఈ నెల నా వాయిదా వీళ్ళే కడతారు, నేను చేరమన్నా వద్దన్నా ఆ సంగతి తెలిసి వినండి, అంది. కాగితాలావిడ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, బల్ల అంచుకు సరిగ్గా ఆనించి పెట్టింది.

"మరి నువ్వు మానేస్తావా?"

"మానను."

అంత తొందరగా అనేసినందుకు చిన్నదే ఆశ్చర్యపోయింది.

"ఏం?"

"ఈ పనంటే నాకిష్టం."

"నాకూ ఇష్టంగానే ఉంది కదమ్మా. ఇందాకటి నుంచీ." ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. "నువ్వు మాననిది నన్నెందుకు వద్దంటావు?"

చిన్నది ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. ఆవిడ ఆగింది.

"మీకింకా అప్పు లేదండీ," అంది చివరికి. "నాకుంది. నేను ఇష్టపడినా కట్టాలి, పడకపోయినా కట్టాలి, అందుకని ఇష్టపడుతున్నానేమో కూడా నాకు తెలీదు. మీరు ఇప్పుడైతే ఇంటికి వెళ్ళిపోవచ్చు."

"వెళ్ళి? ఈ చేతుల్నేం చేసుకోను?"

"తెలీదండీ," అంది చిన్నది.

కాగితాలావిడ కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంది. మోకాలు వంగడానికి బాధపడింది, సాయం చేద్దామని చిన్నది ముందుకు వంగితే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. సాయంత్రం వ్యాను చూడ్డానికి ఒకాయన వస్తానన్నాడట, రావద్దని చెప్పాలంది, తనలో తను అనుకుంటున్నట్టు. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. బయట ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ ఎదురెళ్ళడం, ఆలోచించుకుని చెబుతానండీ అని ఆవిడ అనడం, ఆ తర్వాత మెట్ల మీద ఒక్కో అడుగు ఆచితూచి దిగడం వినిపించింది. ప్రిన్సిపాల్ గారు తలుపు సందులోంచి తొంగిచూశారు. ఏం జరిగిందని అడగలేదు. ఇంకెప్పుడూ మిమ్మల్ని పిలవం అని కూడా చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు.

చిన్నది బట్టలు వేసుకుంది, దుప్పటి తీసి బుట్టలో వేసింది, వలయం మీది మరక తనే తుడుచుకుంది. ఒళ్ళంతా ఇంకా వెచ్చగా, తేలిగ్గా ఉంది, అంత తేలిగ్గా ఉండడం ఇప్పుడు తప్పులా అనిపించింది. మెట్ల మలుపులో నిలబడి అక్కకు ఫోన్ చేసింది. పని వేళల్లో చెయ్యొద్దని అక్క ఎన్నోసార్లు చెప్పింది, అందుకే మొదటి రింగుకే ఎత్తింది, ఏమైందే అంటూ.

"అక్కా, రేపు పొద్దున నీకు బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. వాళ్ళకంటే ముందు నేను చెబుదామని."

అవతల ఎవరో నవ్వుతున్నారు, ఏదో యంత్రం కాగితాలు ఉమ్ముతోంది.

"డబ్బు సర్దుబాటు కాలేదా?"

"అయ్యేదే అక్కా. ఒకావిడకు ఒక్క అబద్ధం చెబితే అయ్యేది. నోరు రాలేదు."

"ఎవరావిడ?"

"ఏమో. పేరు కూడా అడగలేదు."

అక్క లేచి ఎక్కడికో నడుస్తోంది, చెప్పుల చప్పుడు, తలుపు, ఆ తర్వాత ఆఫీసు వినిపించడం ఆగిపోయింది. "ఇల్లు పోయినట్టే కదే చిన్నదీ," అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని చిన్నది మనస్ఫూర్తిగా కోరుకుంది.

"పోయినట్టే అక్కా."

అక్క ఏడుస్తోందని కాసేపటికి గానీ అర్థం కాలేదు. చప్పుడు రాకుండా, మధ్యమధ్య ఊపిరి తెగుతూ. చిన్నది అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవకు అనలేదు, క్షమించు అనలేదు, బావకేం చెబుతావని అడగలేదు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని వింటూ ఉంది. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. చిన్నదీ పెట్టెయ్యలేదు.